ఆదివారం వండిన సాసేజ్ కూర మంగళవారం తింటే ఏమవుతుంది?

ఆదివారం సాయంత్రం వండి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి, మంగళవారం రాత్రి ఇంటిల్లిపాదికీ వడ్డించే కూర ఒకటి మా ఇంట్లో ఉంది. చికెన్ సాసేజ్‌ల కూర. సాసేజ్ అంటే మాంసాన్ని మెత్తగా రుబ్బి, మసాలా కలిపి, సన్నటి పొరలో గొట్టంలాగా నింపింది. దీని సంగతి ఎక్కడ ఎత్తినా రెండు మాటలు తప్పకుండా వినపడతాయి. ఒకటి, "మొన్నటి కూర పిల్లలకు పెడుతున్నవా?" రెండోది, "సాసేజ్‌లతో కూరేంది, అవి బ్రెడ్డులో పెట్టుకొని తినేవి గదా?" రెండోదానికి జవాబు తేలికే, కాసేపట్లో చెబుతా. మొదటి మాటకే నాకు ఒళ్లు మండుతుంది. కూరను అడ్డం పెట్టుకొని వండే మనిషిని అనే మాట అది. నీకు ఓపిక లేదు, పిల్లల మీద శ్రద్ధ లేదు అని మొహం మీద అనలేక ఫ్రిజ్ మీద పెట్టి అంటారు.

నేనుండేది నల్లగొండలో, పనిచేసేది దేవరకొండ వైపు ఒక ఊరి బడిలో. పొద్దున ఏడున్నరకు బస్సెక్కితే సాయంత్రం మళ్లీ క్లాక్ టవర్ దగ్గర దిగేసరికి ఆరు దాటుతుంది. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు. వడ్లు వచ్చే సీజన్లో ఇంటికి ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. ఇంట్లో అత్తమ్మ, బడికి పోయే ఇద్దరు పిల్లలు. బస్సు దిగి, కూరగాయలు కొని, ఇల్లు చేరి, ఇంకా చెప్పులు విడవకముందే "అమ్మా, ఏం కూర?" అని అడుగుతారు. వారంలో కనీసం రెండు రోజులు ఆ ప్రశ్నకు జవాబు ముందే ఫ్రిజ్‌లో ఉండాలన్నది నా పట్టుదల.

అసలు మనం నిన్నటి కూర తినని వాళ్లమా? చేపల పులుసు సంగతి చూడండి. సాగర్ చేపలు దొరికిన రోజు వండిన పులుసంతా ఆ పూటే ఊడ్చేస్తే "రేపటికి కొంచెం ఉంచొద్దా, రేపు గదా అసలు రుచి" అని బాధపడేది మనమే. ముక్కకు పులుపు పట్టాలి, మెంతి వాసన దిగాలి, నూనె పైకి తేలి గిన్నె అంచున ఎర్రగా నిలవాలి అని వర్ణించి వర్ణించి చెబుతాం. గోంగూర మాంసానికీ అదే మర్యాద. మామిడికాయ తొక్కు ఏడాది నిలవుంటే ఆ ఇంటి ఇల్లాలిని మెచ్చుకుంటాం. యాటను కోసినప్పుడు మిగిలిన మాంసాన్ని సన్నగా పొడుగ్గా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండలో ఆరేసి ఒట్టి తునకలు చేసుకుంటాం. నెలలు పోయాక వాటిని చింతచిగురులో వేసి వండి "ఇసొంటి కూర హోటళ్ల దొరుకుతదా?" అంటాం. మా అమ్మవాళ్లది జడ్చర్ల పక్క పల్లె. పాలమూరు నుంచి పనులకు వలసపోయేవాళ్లు జొన్నరొట్టెలు, కారప్పొడి, తొక్కు మూటగట్టుకొని బస్సెక్కడం చూస్తూ పెరిగాను. పొలానికి పోయేవాళ్ల సద్దిలో ఉండేది రాత్రి వండిన బువ్వే. వీటిలో దేన్ని చూసీ ఎవరూ ముక్కు మూసుకోలేదు. ఎండలో ఆరబెట్టినా, జాడీలో ఊరబెట్టినా పెద్దల తెలివి, అదే కోడలు ఫ్రిజ్‌లో పెడితే బద్ధకం. ఈ లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఇక్కడ అత్తమ్మ మాట కూడా చెప్పాలి. "మా కాలంల పొద్దటి నీసుకూర మాపటికే వాసన కొట్టేది బిడ్డా, అందుకే భయం" అంటుంది. ఆ భయంలో న్యాయముంది. నల్లగొండ ఎండ తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, మేలో 45 డిగ్రీలు దగ్గరపడే ఊరు ఇది. ఫ్రిజ్ లేని ఇంట్లో మాంసం కూర మర్నాటిదాకా ఉంచడమంటే ప్రాణాలతో చెలగాటమే. కాబట్టి ఆమె భయాన్ని నేను కొట్టిపారేయను. ఆ భయం పోవాలంటే ఏం చేయాలో చేస్తాను, అది కింద వివరంగా రాస్తాను. నా గొడవంతా ఫ్రిజ్ ఇంట్లో పెట్టుకొని, అందులో మూడు రోజుల నాటి ఇడ్లీ పిండి, వారం నాటి అల్లం ఎల్లిగడ్డ ముద్ద పెట్టుకొని, కూర దగ్గరికి రాగానే నీతులు చెప్పేవాళ్లతో.

మరి కోడికూరే వండి పెట్టుకోవచ్చు గదా అంటారు. పెట్టుకోవచ్చు. కానీ ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చేసిన కోడికూరకు ఒక తేడా వాసన వస్తుంది, మీరూ గమనించే ఉంటారు. తడిసిన అట్టపెట్టె వాసన లాంటిది. మాంసం ఉడికినప్పుడు అందులోని ఇనుము విడివడి, కొవ్వు గాలితో కలిసి పాడయ్యే పనిని తొందరచేస్తుంది. ఫ్రిజ్‌లో ఉన్నా ఆ పని మెల్లగా సాగుతూనే ఉంటుంది, మళ్లీ వేడి చేయగానే వాసన బయటపడుతుంది. సాసేజ్‌కు ఈ బాధ తక్కువ. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో ప్రిజర్వేటివ్ 250 అని ఉంటే, అది సోడియం నైట్రైట్. గులాబీ రంగు, ఆ ప్రత్యేకమైన రుచి దానివల్లే. అది ఇనుమును పట్టి ఉంచుతుంది కాబట్టి రెండోరోజు వేడి చేసినా ఆ అట్ట వాసన రాదు. ఇదే నైట్రైట్ మీద ఇంకో ఫిర్యాదు ఉంది, దాన్ని దాచను, ఆ సంగతీ వస్తుంది. ముందు చెప్పదలచుకున్నది ఏమిటంటే, నిలవ ఉంచి తినడానికి అనువైన మాంసం ఏది అని వెతికితే మన ఒట్టి తునకల తర్వాత నాకు దొరికింది ఇదే. పైగా ఎముక లేదు, కొట్టించే పని లేదు, మాంసం దుకాణం ముందు ఆదివారం పొద్దున నిలబడే పని లేదు.

ఇప్పుడు ఆ రెండో మాట. సాసేజ్‌లతో కూర మా ఇంటి పైత్యం కాదు. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో, బ్రిటన్‌లో ఇది పాతకాలపు ఇంటి వంట. మా వదిన మెల్‌బోర్న్‌లో ఉంటుంది, నాకు దీన్ని పరిచయం చేసింది ఆమే. సాసేజ్‌లను నీళ్లలో ఉడికించి, పైపొర ఒలిచి, గుండ్రంగా కోసి, ఉల్లిగడ్డ, కరీ పౌడర్, కొంచెం మైదా వేసి చిక్కబరిచిన గ్రేవీలో వేస్తారట. క్యారెట్, బఠానీ సరే, కొందరు ఆపిల్ ముక్కలు, కిస్మిస్‌లు కూడా వేస్తారట. ఉడికించి మెదిపిన ఆలుగడ్డతోనో అన్నంతోనో తింటారు. చవకలో పది నోళ్లు నింపే వంట, మర్నాటికి ఇంకా బాగుండే వంట, అందుకే అక్కడి ఇళ్లలో నిలిచింది. "ఆదివారం ఒక్కసారి చేసి డబ్బాల్లో సర్ది ఫ్రీజర్‌ల పడేస్తా, డ్యూటీ నుంచి వచ్చినంక తీసి వేడి చేసుడే" అంటుంది వదిన. ఆమెను అక్కడ ఎవరూ బద్ధకస్తురాలు అనడం లేదు.

మన మసాలా అక్కడికి పోవడం కొత్త సంగతి కూడా కాదు. పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్ 1810లోనే లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ పేరుతో మన వంటల హోటల్ తెరిచాడు. బెర్లిన్‌లో హెర్టా హోయ్‌వర్ అనే ఆవిడ 1949లో సాసేజ్ ముక్కల మీద టమాటా సాస్, కరీ పౌడర్ వేసి అమ్మడం మొదలుపెట్టింది. దాని పేరు కరీవుర్స్ట్, ఇవాళ జర్మనీలో వీధి వీధినా దొరుకుతుంది. ఇన్ని దేశాలవాళ్లు మన ధనియాలు, పసుపు, మెంతులు పట్టుకుపోయి సాసేజ్‌తో కలిపి తింటుంటే, ఆ ధనియాలు ఇంట్లో దంచుకునే మనం "అదేం కూర?" అనడం నాకు వింతగా ఉంటుంది.

అయితే వదిన చెప్పింది చెప్పినట్టు వండితే మా ఇంట్లో ఒక్కరూ ముట్టరు. కిస్మిస్ వేసిన కూరను అత్తమ్మ ముందు పెట్టే ధైర్యం నాకు లేదు. మాది మా పద్ధతి.

500 గ్రాముల ప్యాకెట్ ఒకటి. శనివారం రాత్రే దాన్ని ఫ్రీజర్‌లోంచి తీసి కింది అరలో పెడతాను, బయట గట్టు మీద పెట్టను. అదే రాత్రి ఒక గ్లాసు కాబూలీ శనగలు నానబోస్తాను, ఇవి ఎందుకో తర్వాత చెబుతా. ఆదివారం సాయంత్రం శనగలను కుక్కర్‌లో మెత్తగా ఉడికించి పక్కన పెట్టి, సాసేజ్‌లను ఏటవాలుగా, అంగుళం కంటే కొంచెం తక్కువ మందంతో కోస్తాను. మన దగ్గర దొరికే చికెన్ సాసేజ్‌లు చాలావరకు ముందే ఉడికినవి, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది, కాబట్టి వదినలాగా నీళ్లలో ఉడికించే పని లేదు. పచ్చివైతే మాత్రం లోపలిదాకా ఉడకాల్సిందే.

ఇనుప పెనం మీద ఒక చెంచా నూనె వేసి ఈ ముక్కలను పరుస్తాను. కదపకూడదు. రెండు నిమిషాలకు చిటపటలాడుతూ కిందివైపు ఎర్రబడుతుంది, అంచులు కొంచెం పైకి లేస్తాయి, ముక్కలోంచి కొవ్వు కారి పెనం మీద బంగారు రంగులో నిలుస్తుంది. అప్పుడు తిప్పాలి. ఈ పని చేయకుండా ముక్కలను నేరుగా గ్రేవీలో వేసేవాళ్లున్నారు. ఆ కూరలో ముక్క పాలిపోయి, మెత్తగా, నీళ్లు తాగినట్టుంటుంది. సాసేజ్ కూర బాగుండదని చెప్పేవాళ్లలో చాలామంది తిన్నది ఆ కూరే అని నా అనుమానం. పెనానికి అంటుకున్న ఎర్రటి మాడు ఉంటుంది చూశారూ, దాన్ని పారేయొద్దు. పావు గ్లాసు వేడినీళ్లు పోసి గంటెతో గీకితే వచ్చేస్తుంది, గ్రేవీలో పోయండి. సగం రుచి అందులోనే ఉంది.

గంజులో నూనె వేడెక్కాక జీలకర్ర, కరివేపాకు, ఆ తర్వాత సన్నగా తరిగిన ఐదు ఉల్లిగడ్డలు. వీటిని చిన్న మంట మీద ఓపికగా గోలించాలి, ఇరవై నిమిషాలు పడుతుంది, తొందరపడితే లాభం లేదు. ఈ ఇరవై నిమిషాలు మంగళవారం సాయంత్రం నా దగ్గర ఉండవు, ఆదివారం ఉంటాయి. పక్కన రేడియో పెట్టుకొని, పిల్లల నోట్సులు దిద్దుకుంటూ, మధ్యమధ్య లేచి కలుపుతూ ఉంటాను. ఉల్లిగడ్డ ఇటుక రంగుకు వచ్చాక అల్లం ఎల్లిగడ్డ ముద్ద, పచ్చివాసన పోయేదాకా. తర్వాత మంట బాగా తగ్గించి పొడులు వేయాలి. రెండు చెంచాల ధనియాల పొడి, ఒక చెంచా జీలకర్ర పొడి, అర చెంచా పసుపు, అర చెంచా మిర్యాల పొడి, ఒకటిన్నర చెంచా కారం, వేయించి దంచిన మెంతిపొడి పావు చెంచా. డబ్బాల్లో అమ్మే కరీ పౌడర్‌లో ఉండేదీ దాదాపు ఇదే సరంజామా, కాకపోతే మనది నిన్న దంచింది. ఈ పొడుల వాసన నూనెలో కరుగుతుంది, నీళ్లలో అంతగా కరగదు. అందుకే టమాట వేయకముందే అర నిమిషం నూనెలో తిప్పాలి. మెంతి పావు చెంచా దాటితే మర్నాటికి చేదు తేలుతుంది, ఇది నిలవ కూరలన్నిటికీ వర్తిస్తుంది.

నాలుగు టమాటలు, అవి మగ్గి నూనె తేలాక మూడు చెంచాల పల్లీల పొడి. వాళ్ల మైదా పని ఇది చేస్తుంది, రుచి అదనం. చింతపండు పులుసు రెండు చెంచాలు. పచ్చి కొబ్బరి వేయను, అది నిలవ ఉండే సరుకు కాదు. శనగలు, వాటి నీళ్లు, పెనం గీకిన నీళ్లు పోసి పది నిమిషాలు ఉడకనిచ్చి, ఆఖర్న సాసేజ్ ముక్కలు వేసి ఐదు నిమిషాలకు దించేస్తాను. ఉప్పు అప్పటిదాకా వేయను. సాసేజ్‌లో ఉప్పు దండిగా ఉంటుంది, అది గ్రేవీలోకి దిగాక రుచి చూసి అవసరమైతే చిటికెడు. గ్రేవీ మీకు కావాల్సినదానికన్నా పలచగా ఉన్నప్పుడే దించండి, శనగలూ పల్లీలూ కలిసి రాత్రికి రాత్రి దాన్ని గట్టిపరుస్తాయి. కొత్తిమీర, బఠానీ ఏవున్నా తినే రోజు వేడి చేసేటప్పుడే వేయాలి. ఆలుగడ్డ ఫ్రిజ్ వరకు పరవాలేదు, ఫ్రీజర్‌లో పెట్టే కూరలో మాత్రం వద్దు, కరిగాక పిప్పిపిప్పిగా ఉంటుంది.

ఇక అసలు పని. కూర దించగానే వంట అయిపోయిందనుకుంటారు, కానీ నిలవ కూరకు సగం వంట అప్పుడే మొదలవుతుంది. నలుగురూ చేసే పని ఏమిటంటే గంజు మీద మూత పెట్టి, టీవీ చూసి, పడుకునే ముందు గుర్తొచ్చి ఫ్రిజ్‌లో పెట్టడం. లేదా "వేడి మీద పెడితే ఫ్రిజ్ కరాబైతది" అని రాత్రంతా బయటే ఉంచి పొద్దున పెట్టడం. కడుపునొప్పులు వచ్చేది ఇక్కడ, ఆ తర్వాత నింద పడేది ఫ్రిజ్ మీద. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మక్రిములు దర్జాగా పెరుగుతాయి. వాటిలో క్లాస్ట్రీడియం పర్‌ఫ్రింజెన్స్ అనే దాని స్పోర్లు, అంటే విత్తనాల్లాంటివి, ఉడికించినా చావవు. పెద్ద గంజులో మెల్లగా చల్లారే మాంసం కూర అంటే దానికి పండగ. వండిన తిండిని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలన్నది మామూలు లెక్క. బయట వేడి 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మన ఊళ్లో ఏడాదిలో ఎన్ని నెలలు 32 దాటుతుందో మీకు తెలుసు, కాబట్టి నాకైతే ఎప్పుడూ ఒక గంటే లెక్క.

దీనికి మంత్రాలేమీ అక్కర్లేదు. కూరను గంజులోంచి వెడల్పాటి స్టీలు డబ్బాల్లోకి మార్చాలి, రెండంగుళాల లోతు మించకుండా. స్నానాల టబ్బులో చల్లటి నీళ్లు పోసి, ఉంటే ఒక గిన్నెడు ఐస్ వేసి, డబ్బాలను అందులో నిలబెట్టాలి. మూత పెట్టొద్దు, పైన పలచటి బట్ట కప్పితే చాలు. మధ్యలో ఒకటి రెండుసార్లు కలిపితే అరగంటలో చెయ్యి పెట్టగలిగే వేడికి వస్తుంది, అప్పుడు మూత పెట్టి ఫ్రిజ్ వెనకవైపు, చల్లదనం ఎక్కువున్న చోట పెట్టాలి. తలుపు అరల్లో కాదు. ఇలా పెట్టిన కూర మూడు రోజులు నిశ్చింతగా తినొచ్చు. నేను నాలుగో రోజుకు పోనివ్వను. ఫ్రీజర్‌లో అయితే రెండు నెలలు. కరెంటు గంటల తరబడి పోయిన రోజున మాత్రం నేను ఏ కూర మీదా మొహమాటపడను, అనుమానం వస్తే పారబోస్తాను.

తినే రోజు ఎంత కావాలో అంతే తీయాలి. మొత్తం డబ్బా వేడి చేసి మిగిలింది మళ్లీ లోపల పెట్టడం, మర్నాడు మళ్లీ వేడి చేయడం, ఇదొక్కటి మానేస్తే సగం గొడవలు పోతాయి. కొంచెం వేడినీళ్లు కలిపి తళతళా మరిగించాలి, గోరువెచ్చన చేసి సరిపెట్టుకోవద్దు. అన్నం మాత్రం ఎప్పటికప్పుడు వండుతాను. కుక్కర్ పెట్టడానికి ఓపిక అక్కర్లేదు. మామూలు అన్నానికన్నా బగారా అన్నంతో ఇది ఇంకా బాగుంటుంది, అత్తమ్మకైతే జొన్నరొట్టె ఉండాలి. పక్కన ఉల్లిగడ్డ ముక్క, నకిరేకల్ నిమ్మకాయ ఒక బద్ద.

ఇప్పుడు దాచనన్న ఫిర్యాదు. 2015 అక్టోబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ప్రాసెస్ చేసిన మాంసాన్ని, అంటే ఉప్పో నైట్రైట్ లాంటివో పట్టించి నిలవ చేసిన మాంసాన్ని, క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. రోజూ 50 గ్రాములు తినేవాళ్లకు పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని లెక్క చెప్పింది. సిగరెట్టు కూడా అదే జాబితాలో ఉంది కాబట్టి రెండూ సమానం అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు, అది తప్పు. ఆ జాబితా రుజువు ఎంత గట్టిదో చెబుతుంది, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. అలాగని నాది చికెన్ సాసేజే కదా అని తప్పించుకోవడమూ కుదరదు, ఆ నిర్వచనంలో కోడిమాంసం కూడా వస్తుంది. ఉప్పు సంగతి వేరే. ప్యాకెట్ మీద సోడియం ఎంతుందో చూసి రెండున్నరతో గుణిస్తే ఉప్పు లెక్క తేలుతుంది. రోజుకు మనిషికి 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటారు, మన తొక్కులూ పచ్చళ్లూ దాన్ని ఎప్పుడో దాటించేశాయి. అత్తమ్మకు బీపీ ఉంది, ఆమె గిన్నెలో ముక్కలు రెండు, శనగలు ఎక్కువ.

శనగలు ఎందుకు వేస్తానన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మనిషికి వచ్చే సాసేజ్ సగానికి తగ్గుతుంది, కడుపు నిండుతుంది, పిల్లలకు తేడా తెలియదు. నెలకు రెండుసార్లు మించి ఈ కూర మా ఇంట్లో ఉండదు. మిగతా ఆదివారాలు గుడ్ల పులుసో, రాజ్మానో, గోంగూర పప్పో. ప్యాకెట్ మాంసం ఆరోగ్యానికి అమృతమని నేను ఎవరికీ చెప్పడం లేదు, వారంలో మూడుసార్లు వండితే నేనే తిడతాను. నెలకు రెండు పూటలకు ఇంతెత్తున లేచేవాళ్లు, సాయంత్రం బండి దగ్గర అదే నూనెలో పదోసారి కాలిన మిర్చి బజ్జీకి మాత్రం ఏమీ అనరు.

నిజానికి మంగళవారం రాత్రి ఈ కూరకు పోటీగా ఉన్నది అప్పుడే కోసి వండిన నాటుకోడి అయితే నేనూ ఓడిపోయేదాన్నే. కానీ ఏడు గంటలకు అలసిపోయి ఇల్లు చేరిన మనిషి ముందున్న దారులు ఏవి? నూడుల్స్ ప్యాకెట్టు, హోటల్ పార్సిల్, పచ్చడి మెతుకులు, లేదా నడుము విరిగేలా మళ్లీ పొయ్యి ముందు గంటన్నర. ఈ ఆఖరి దారినే అందరూ "తాజా తిండి" అని పిలుస్తారు. దాని ఖర్చు ఎవరి ఒంట్లోంచి పోతోందో ఎవరూ లెక్కపెట్టరు. ఎవరూ అంటే పూర్తిగా నిజం కాదు, కేంద్ర ప్రభుత్వమే లెక్కపెట్టింది. 2019లో చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది. చేసే మగవాళ్లు 97 నిమిషాలు. అదీ, చేసే మగవాళ్లు నూటికి 26 మందే. ఐదు గంటలు! ఉద్యోగం చేసొచ్చిన ఆడమనిషికి ఈ ఐదు గంటలు నిద్రలోంచి కోసి ఇవ్వడం తప్ప వేరే దారేది?

వేడివేడిగా తినాలనే కోరిక తప్పని నేను అనను. నాకూ ఇష్టమే. పొయ్యి మీద నుంచి దించిన పప్పుచారు రుచి వేరు. కానీ రోజూ రెండు పూటలా కొత్త కూర కావాలనే పట్టింపు ఉన్న ఇళ్లలో ఆ పట్టింపు ఉన్న మనిషి, వండే మనిషి ఒకరే కావడం నేను ఇంతవరకు చూడలేదు. మా చుట్టాల్లో ఒకాయన ఉన్నారు, "నేను ఫ్రిజ్ కూర ముట్టను" అని గొప్పగా చెప్పుకుంటారు. ఆయన అట్ల చెప్పినప్పుడల్లా నేను వాళ్లావిడ వైపు చూస్తాను. ఆమె వంటింట్లోనే ఉంటుంది.

మా ఇంట్లో ఇది ఒక్కరోజులో కుదరలేదు. అత్తమ్మ మొదట్లో ఆ డబ్బా వైపే చూసేది కాదు, తన పచ్చిపులుసు తాను కలుపుకొని తినేది. నేను బతిమాలలేదు. తర్వాత్తర్వాత "కొంచెం పులుసు ఎయ్యి, ముక్క వద్దు" దగ్గర మొదలై, ఇప్పుడు "చింతపండు ఇంకొంచెం పడాలె, పల్లీలు ఎక్కువైనయి" దాకా వచ్చింది. ఆమె చెప్పిన చింతపండు కొలతే నేను పైన రాసింది. మా ఆయన చేసేది ఆదివారం ఉల్లిగడ్డలు కోయడం, డబ్బాలు నీళ్లలో నిలబెట్టి కలపడం. ఆయన రాత్రి పదికి వచ్చినా కూర తీసి వేడి చేసుకొని తినగలరు, నన్ను లేపే పని లేదు. మంగళవారం ఆ మిగిలిన గంటలో నేనేం చేస్తానని కొందరు అడుగుతారు. ఏమీ చేయను. ఆ గంట నాది, దానికి సంజాయిషీ దేనికి?

వండాలనుకునేవాళ్లకు కొనేటప్పటి జాగ్రత్త ఒకటి. సూపర్‌మార్కెట్లో సాసేజ్ ప్యాకెట్‌ను ఆఖర్న తీసుకోండి, బియ్యం సబ్బులు అన్నీ అయ్యాక. ప్యాకెట్ లోపల పెద్దపెద్ద మంచు గడ్డలు కట్టి ఉన్నా, సాసేజ్‌లు ఒకదానికొకటి అతుక్కొని వంకరపోయి ఉన్నా, అది ఎక్కడో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని అర్థం. రాత్రిపూట ఫ్రీజర్లు ఆపేసే దుకాణాలు ఉన్నాయి, పొద్దున తడిగా ఉన్న ప్యాకెట్లే ఆ సంగతి చెబుతాయి. అట్లాంటివి వద్దు. ఎండాకాలం అయితే ఇంటినుంచే చిన్న థర్మాకోల్ డబ్బా తీసుకుపోండి, బండి మీద పది నిమిషాలు చాలు కరగడం మొదలవడానికి. మంచి ప్యాకెట్ దొరక్కపోతే ఆ ఆదివారానికి అదే గ్రేవీలో ఉడికించిన గుడ్లు వేయండి, మంగళవారానికి అదీ బాగుంటుంది. గుడ్ల కూరను ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు, తెల్లసొన గట్టిపడి సాగుతుంది.